ఏటీవీలో స్విచ్‌లనూ రేడియేటర్ ఫ్యాన్ సర్క్యూట్‌నూ పరీక్షించడం ఎలా?

ఏటీవీ అంటే ఎలాంటి నేల మీదైనా నడిచే నాలుగు చక్రాల బండి. దాని రేడియేటర్‌కు గాలి రెండు దారుల్లో అందుతుంది: బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి, నెమ్మదిగా పోతున్నప్పుడు ఫ్యాను. కృష్ణ ఒడ్డు ఇసుకలోనో, లంక తోటల గట్ల మీదనో, గుంటూరు వైపు నల్లరేగడి చేలలోనో తిరిగే బండికి మొదటి దారి దాదాపు మూసుకుపోయినట్లే. గంటకు పది పదిహేను కిలోమీటర్ల వేగంతో కదులుతూ ఇంజన్ మాత్రం బలమంతా పెట్టి లాగుతున్నప్పుడు చల్లబరిచే భారమంతా ఫ్యాను మీదే పడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో, బయటి గాలే 45 డిగ్రీలకు చేరిన రోజున, ఆ ఫ్యాను ఆలస్యంగా తిరిగినా, సగం వేగంతో తిరిగినా టెంపరేచర్ లైటు వెలగడానికి ఎంతో సేపు పట్టదు.

అలా లైటు వెలిగినప్పుడు చాలామంది మొదట చేసే పని ఫ్యాన్ మోటారు మార్చడం, అది కుదరకపోతే, వేడి ఒక హద్దు చేరగానే ఫ్యానును ఆన్ చేసే థెర్మో స్విచ్ మార్చడం. రెండూ మార్చినా ఫ్యాను తిరగని బండ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా కనిపిస్తాయి. లోపం తరచుగా ఆ రెండింటిలో కాక వాటి మధ్య వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్‌లోనో, కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయేలా వైరును ఛాసిస్‌కు కలిపే ఎర్త్ బోల్టు దగ్గరో, చిలుము పట్టిన స్విచ్ కాంటాక్టులోనో ఉంటుంది. అందువల్ల ఏ భాగాన్నీ కొనకముందే కరెంటు ఎక్కడిదాకా సరిగా వస్తోందో, ఎక్కడ తగ్గిపోతోందో మీరు కొలిచి తెలుసుకోవాలి. మల్టీమీటర్ వాడటం కొంచెం తెలిసినవారు కింద చెప్పిన పనులన్నీ ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

కావలసిన సామాను

ఒక డిజిటల్ మల్టీమీటర్, పాతదైనా సరే వెలిగే 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బు ఒకటి, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టిన మూడు నాలుగు అడుగుల వైరు, రెండు చివర్లా క్లిప్పులు ఉన్న పొట్టి వైర్లు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సన్నని ఎమరీ కాగితం, సిలికాన్ గ్రీజు, 110 డిగ్రీల వరకు చూపే థర్మామీటర్ ఉంటే చాలు. వీటితో పాటు మీ బండి మోడల్‌కు, అది తయారైన సంవత్సరానికి చెందిన సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ పటం తప్పకుండా దగ్గర ఉండాలి. ఒకే కంపెనీ రెండు సంవత్సరాల్లో వైర్ల రంగులు మార్చిన సందర్భాలు ఉన్నాయి కనుక వేరే మోడల్ పటాన్ని నమ్ముకోవద్దు.

పటం చేతికి రాగానే ముందుగా ఎర్త్ వైరు రంగును గుర్తించండి, ఎందుకంటే కొలతలు చాలావరకు దానితో పోల్చి తీసుకునేవే. సాధారణంగా హోండా బండ్లలో ఎర్త్ ఆకుపచ్చ వైరు, యమహాలో నల్ల వైరు, సుజుకీలో నలుపు మీద తెల్ల చార, కవాసకీలో నలుపు మీద పసుపు చార, పొలారిస్‌లో గోధుమ రంగు వైరు ఉంటాయి. ఇంట్లో వైరింగ్ చేసే అలవాటుతో ఆకుపచ్చ అంటే ఎర్త్ అనీ, నలుపు అంటే మరొకటనీ ఊహించుకుని మొదలుపెడితే యమహా బండి దగ్గర తికమక పడతారు.

మొదలుపెట్టే ముందు

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. ఒత్తిడి కింద ఉన్న కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) నీరు మరిగే వేడిని దాటి ఉండగా మూత వదులైతే, అది ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. కొన్ని మోడళ్లలో తాళం తీసేసిన తరువాత కూడా ఫ్యాను దానంతట అదే తిరగగలదు కాబట్టి రెక్కల దగ్గర చేయి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరును ఊడదీయండి. ఊడదీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర అన్న వరుస పాటిస్తే, పానా జారి ఛాసిస్‌కు తగిలినా షార్ట్ కాదు.

బ్యాటరీ బలహీనంగా ఉంటే మిగతా కొలతలన్నీ దారి తప్పిస్తాయి. బండిని రాత్రంతా నిలిపి ఉంచి ఉదయం బ్యాటరీ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ కొలవండి. 12.6 వోల్టులు లేదా అంతకు కొంచెం ఎక్కువ ఉంటే నిండుగా చార్జ్ అయినట్లు, 12.2 దగ్గర ఉంటే సగం చార్జే ఉన్నట్లు. 12 కంటే తక్కువ చూపితే చార్జర్ మీద పెట్టి తరువాత పని మొదలుపెట్టండి. టెర్మినళ్ల మీద తెల్లని లేదా పచ్చని పొడి పేరుకుని ఉంటే వేడినీళ్లతో కడిగి, తుడిచి, ఎమరీ కాగితంతో రుద్ది బిగించండి.

స్విచ్‌లను పరీక్షించడం

స్విచ్ చేసే పని రెండు వైర్లను కలపడం లేదా విడదీయడం. సర్వీస్ మాన్యువల్‌లో ప్రతి స్విచ్‌కు ఒక చిన్న పట్టిక ఉంటుంది: పక్కన స్విచ్ స్థానాలు, పైన వైర్ల రంగులు, ఏ స్థానంలో ఏ రెండు వైర్లు కలుస్తాయో చూపే గీత. ఆ పట్టికను ముందు పెట్టుకుని, బ్యాటరీ వైరు ఊడదీసి, స్విచ్ కప్లర్‌ను బండి వైరింగ్ నుంచి వేరుచేసి, స్విచ్ వైపు ఉన్న కప్లర్‌లోనే మీటర్ మొనలు పెట్టి కొలవాలి. కప్లర్ తీయకుండా కొలిస్తే వైరింగ్‌లోని బల్బులూ రిలేలూ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు) వేరే దారిలో కలిసి, చెడిపోయిన స్విచ్‌ను కూడా బాగున్నట్లు చూపిస్తాయి.

మీటర్‌ను అతి తక్కువ ఓమ్‌ల రేంజిలో పెట్టి, ముందు రెండు మొనలను ఒకదానికొకటి తాకించి చూడండి. అప్పుడు కనిపించే 0.2 నుంచి 0.5 ఓమ్‌లు మీటర్ వైర్లకు ఉన్న సొంత నిరోధం. తరువాత వచ్చే ప్రతి కొలత నుంచీ దీన్ని తీసివేయాలి. స్విచ్ ఆన్ చేసినప్పుడు మిగిలేది దాదాపు సున్నా ఉండాలి, ఒక ఓమ్ దాకా పోయిందంటే కాంటాక్టులు పాడైనట్లే. ఆఫ్ చేసినప్పుడు మీటర్ ఓ.ఎల్. (దారి కలవలేదని గుర్తు) అని చూపాలి, అలా కాక ఏదైనా అంకె కనిపిస్తే లోపల తడి గానీ మసి గానీ చేరి కరెంటు కొద్దికొద్దిగా కారుతోందని అర్థం. చివరగా స్విచ్ ఆన్‌లో ఉండగా దాని వైరును కప్లర్ మొదలుకుని హ్యాండిల్ దాకా వేళ్లతో అటూ ఇటూ వంచుతూ, హ్యాండిల్‌ను రెండు వైపులకూ పూర్తిగా తిప్పుతూ అంకెను గమనించండి. అంకె తుళ్లిపడిన చోట పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. ఏటీవీ హ్యాండిల్ రోజంతా చివర్ల దాకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి స్టీరింగ్ కడ్డీ పక్కనున్న వంపులోనే ఈ తెగుడు ఎక్కువ.

ఇగ్నిషన్ స్విచ్‌కు ఈ పద్ధతి యథాతథంగా సరిపోతుంది. ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. కొన్ని బండ్లలో, ముఖ్యంగా పాత సీడీఐ ఇగ్నిషన్ (కెపాసిటర్‌తో స్పార్క్ ఇచ్చే రకం) ఉన్నవాటిలో, కిల్ స్విచ్‌ను ఆపే స్థానంలో పెట్టినప్పుడు వైర్లు కలిసి ఇగ్నిషన్‌ను ఎర్త్ చేస్తాయి. మరికొన్నింటిలో అదే స్థానంలో వైర్లు విడిపోయి సప్లై ఆగిపోతుంది. ఒకదాని పట్టిక చూసి మరొకదాన్ని కొలిస్తే బాగున్న స్విచ్‌ను చెడిపోయిందని పక్కన పెడతారు.

సెల్ఫ్ బటన్ నొక్కినా మోటారు తిరగకపోతే నేరుగా బటన్‌ను అనుమానించవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉంటేనో, బ్రేక్ పట్టుకుని ఉంటేనో తప్ప సెల్ఫ్ పనిచేయకుండా చాలా ఏటీవీలలో అడ్డుకట్ట ఉంటుంది. కాబట్టి న్యూట్రల్ స్విచ్, బ్రేక్ స్విచ్ కూడా ఆ సర్క్యూట్‌లో భాగాలే. న్యూట్రల్, రివర్స్ స్విచ్‌లు ఎక్కువ బండ్లలో ఇంజన్ కేసులో బిగించి ఉండి, ఆ గేరు పడినప్పుడు వైరును ఇంజన్ బాడీకి కలుపుతాయి. ఈ రకాన్ని పరీక్షించేటప్పుడు మీటర్ ఒక మొన స్విచ్ టెర్మినల్ మీద, రెండవది రంగు లేని ఇంజన్ లోహం మీద పెట్టాలి. వెనుక బ్రేక్ స్విచ్ స్ప్రింగ్‌తో లాగే రకమైతే అది చెడిపోవడం కంటే సర్దుబాటు తప్పడమే ఎక్కువ. పక్కనున్న నట్టును తిప్పి, పెడల్ కొద్దిగా దిగగానే మీటర్ అంకె సున్నాకు పడేలా చేయండి. నట్టు తిప్పుతున్నప్పుడు స్విచ్ దేహం కూడా తిరిగిపోకుండా రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే వైర్లు మెలిపడి తెగుతాయి.

హ్యాండిల్ మీది స్విచ్ పెట్టెను విప్పవలసి వస్తే బండి కింద ఒక తెల్లటి గుడ్డ పరచండి. డిప్పర్ స్విచ్‌లోనూ ఫోర్‌వీల్ డ్రైవ్ స్విచ్‌లోనూ ఆవగింజంత స్ప్రింగూ ఉక్కు గుండూ ఉంటాయి. పై భాగం ఎత్తగానే అవి ఎగిరి ఇసుకలో పడితే ఇక దొరకవు. లోపల ఇత్తడి కాంటాక్టులు నల్లబడి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ చల్లి, ఎమరీ కాగితం ముక్కను మడిచి రెండు మూడు సార్లు మాత్రమే రుద్దండి. పెట్రోలుతో కడిగే అలవాటు మన షెడ్లలో ఉంది. అది ప్లాస్టిక్‌ను పెళుసుగా చేస్తుంది, రబ్బరు సీళ్లను ఉబ్బిస్తుంది, పైగా బ్యాటరీ నిప్పురవ్వ పక్కన పెట్రోలు అసలు ఉండకూడదు. శుభ్రం చేశాక కదిలే భాగాల మీద సిలికాన్ గ్రీజు పలుచగా రాసి బిగించండి.

బీప్ వినిపించినంత మాత్రాన సరిపోదు

మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో పెట్టి బీప్ వినగానే వైరు బాగుందని నిర్ణయించడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. చాలా మీటర్లు 30, 40 ఓమ్‌ల నిరోధం ఉన్నా బీప్ కొడతాయి. ఫ్యాన్ సర్క్యూట్‌కు అర ఓమ్ కూడా ఎక్కువే: 5 ఆంపియర్లు ప్రవహించే దారిలో అర ఓమ్ నిరోధం ఉంటే రెండున్నర వోల్టులు అక్కడే పోతాయి, ఆ చిన్న అతుకులోనే పన్నెండున్నర వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కప్లర్లు గోధుమ రంగుకు మారి కరిగిపోయేది ఈ వేడికే. పైగా మీటర్ పంపేది అతి స్వల్పమైన కరెంటు. నలభై పోగుల వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది సాఫీగా దాటిపోతుంది, ఫ్యాను అడిగే కరెంటు మాత్రం దాటలేదు.

ఉండవల్లి వైపు ఒక అరటి తోటలో వాడే ఏటీవీని తీసుకోండి. ఫ్యాను తిరుగుతోంది, అయినా బండి వేడెక్కుతోంది. ఫ్యాన్ కప్లర్ ఊడదీసి వైరింగ్ వైపు కొలిస్తే 12.4 వోల్టులు కనిపించాయి కాబట్టి కరెంటు బాగానే వస్తోందని అందరూ అనుకున్నారు. కప్లర్ తిరిగి బిగించి, ఫ్యాను తిరుగుతుండగా వెనుక నుంచి మీటర్ మొనలు దూర్చి కొలిస్తే అదే చోట 8 వోల్టులు కూడా లేవు. లోటు ఎక్కడుందో వెతుకుతూ పోతే, ముందు ర్యాక్ కింద ఎర్త్ బోల్టు దగ్గర వైరు చివరి రింగు మీద పచ్చని చిలుము, దాని కింద ఎండిపోయిన రేగడి పొర కనిపించాయి. రింగునూ బోల్టు కూర్చునే లోహాన్నీ మెరిసేదాకా రుద్ది బిగించగానే ఫ్యాను శబ్దమే మారిపోయింది. బోరు మోటారుకు లో వోల్టేజీ వచ్చినప్పుడు నీళ్లు సన్నగా పడ్డట్టే, ఫ్యాను తిరుగుతూ కనిపించినా అది తోసే గాలి చాలడం లేదన్నమాట.

ఇలాంటి లోపాన్ని పట్టుకునేది వోల్టేజ్ డ్రాప్ పరీక్ష. ఫ్యాను తిరుగుతుండగా మీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, ఎర్ర మొనను బ్యాటరీ ప్లస్ మీద, నల్ల మొనను ఫ్యాన్ కప్లర్‌లోని ప్లస్ వైరు మీద ఉంచండి. కనిపించే అంకె ఆ దారిలో మొత్తం పోతున్న వోల్టేజీ. అర వోల్టు లోపు ఉంటే సంతృప్తికరం. తరువాత ఫ్యాన్ కప్లర్‌లోని ఎర్త్ వైరు మీద ఎర్ర మొన, బ్యాటరీ మైనస్ మీద నల్ల మొన పెట్టి ఎర్త్ వైపు కొలవండి, ఇక్కడ 0.2 వోల్టులు దాటకూడదు. ఏ వైపు ఎక్కువ పోతోందో తెలిశాక ఆ దారిలోని ఫ్యూజ్‌కు అటూ ఇటూ, రిలేకు అటూ ఇటూ, ప్రతి కప్లర్‌కు అటూ ఇటూ ఒక్కొక్కటిగా కొలుస్తూ పోతే, అంకె పెద్దగా కనిపించే చోటే లోపం ఉంటుంది. స్విచ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది: ఆన్‌లో ఉండి కరెంటు ప్రవహిస్తున్న స్విచ్ రెండు టెర్మినళ్ల మధ్య 0.2 వోల్టుల కంటే ఎక్కువ కనిపిస్తే ఓమ్ కొలత ఎంత చక్కగా ఉన్నా ఆ స్విచ్‌ను నమ్మవద్దు.

ఫ్యాను అసలు తిరగకపోతే భారం కోసం హెడ్‌లైట్ బల్బు వాడండి. 55 వాట్ల ఫిలమెంటు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది కనుక అది ఫ్యాను స్థానంలో నిలబడగలదు. ఫ్యాన్ కప్లర్‌లో వైరింగ్ వైపు బల్బును కలిపినప్పుడు అది తెల్లగా వెలిగితే అక్కడిదాకా సరఫరా బాగుంది, లోపం మోటారులో ఉంది. ఎర్రగా మినుకుమంటే మీటర్ ఎన్ని వోల్టులు చూపినా దారిలో ఎక్కడో అతుకు చెడింది. ఈ బల్బును ఈసీయూకు (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కు) పోయే సన్నని వైర్ల మీద ఎప్పుడూ ప్రయోగించకండి. అంత కరెంటుకు లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి, ఈసీయూ ధర ఫ్యాను ధరకు ఎన్నో రెట్లు.

ఫ్యాన్ సర్క్యూట్‌ను సగానికి విడగొట్టి చూడటం

మీ బండి పటంలో ఫ్యాను దారి మూడు విధాల్లో ఏదో ఒకటిగా ఉంటుంది. అన్నిటికంటే సులువైన దానిలో ఫ్యూజ్ నుంచి వచ్చిన కరెంటు ఫ్యాను గుండా, రేడియేటర్‌కు బిగించిన థెర్మో స్విచ్ గుండా ఎర్త్‌కు పోతుంది. రెండవదానిలో థెర్మో స్విచ్ ఒక రిలేను నడుపుతుంది, రిలే ఫ్యానును నడుపుతుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లలో ఎక్కువగా కనిపించే మూడవదానిలో స్విచ్ ఉండదు. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ చెప్పే వేడిని బట్టి ఈసీయూ రిలేను ఆన్ చేస్తుంది.

మొదటి రెండు రకాల్లో పరీక్షను మధ్యలోనుంచి ప్రారంభించడం సమయాన్ని మిగులుస్తుంది. తాళం ఆన్ చేసి, థెర్మో స్విచ్ కప్లర్ ఊడదీసి, అది రెండు వైర్లదైతే వైరింగ్ వైపున్న రెండు పిన్నులను పొట్టి వైరుతో కలపండి. ఒంటి వైరుదైతే ఆ వైరును ఇంజన్ బాడీకి తాకించండి. ఫ్యాను పూర్తి వేగంతో తిరిగిందంటే ఫ్యూజ్, రిలే, మోటారు, వైరింగ్ అన్నీ ఒక్క దెబ్బతో అనుమానం నుంచి బయటపడతాయి, మిగిలేది థెర్మో స్విచ్ ఒక్కటే. తిరగకపోతే థెర్మో స్విచ్‌ను పక్కన పెట్టి మిగతా సగం మీద దృష్టి పెట్టవచ్చు.

రేడియేటర్ మీదున్నది స్విచ్చో సెన్సారో ఈ పనికి ముందే తేల్చుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు దాని పిన్నుల మధ్య ఓ.ఎల్. చూపితే స్విచ్; కొన్ని వందల నుంచి కొన్ని వేల ఓమ్‌లు చూపితే సెన్సార్. సెన్సార్ వైర్లను ఊరికే కలపకూడదు. దాని కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, వైరింగ్ వైపు పిన్నుల మధ్య సుమారు 5 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. రాకపోతే వైరులో గానీ ఈసీయూలో గానీ లోపం ఉంది. చాలా మోడళ్లలో సెన్సార్ ఊడదీసి ఇంజన్ నడిపితే జాగ్రత్త కోసం ఈసీయూ ఫ్యానును తానే ఆన్ చేస్తుంది. అలా తిరిగితే రిలే, మోటారు బాగున్నట్లే. సెన్సార్‌ను విడిగా వేడిచేసినప్పుడు దాని నిరోధం తుళ్లకుండా క్రమంగా తగ్గుతూ పోవాలి. ఏ వేడికి ఎన్ని ఓమ్‌లు అన్నది మీ మాన్యువల్‌లోని పట్టికతో సరిచూసుకోండి.

మోటారు పరీక్షకు పెద్దగా చెప్పవలసింది లేదు. బ్యాటరీ ఊడదీసి రెక్కలను వేలితో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే రెక్కకూ తొడుగుకూ మధ్య ఎండిన బురద చెక్కలు తీసేయండి. ఆ తరువాత మోటారు కప్లర్ విడదీసి, ఫ్యూజ్ పెట్టిన వైరుతో బ్యాటరీ ప్లస్‌ను, మరొక వైరుతో మైనస్‌ను నేరుగా ఇవ్వండి. సాఫీగా, ఒకే శబ్దంతో తిరగాలి. తట్టితే తప్ప తిరగని మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. ఫ్యూజ్ కాల్చేసే మోటారు లోపల షార్ట్ అయింది లేదా జామ్ అయింది. తిరుగుతున్నప్పుడు ఒక కాగితాన్ని రేడియేటర్ ముందు పెట్టండి. ఏటీవీలలో ఫ్యాను సాధారణంగా రేడియేటర్ వెనుక ఉండి గాలిని ముందు నుంచి లాగుతుంది, కాబట్టి కాగితం రేడియేటర్‌కు అతుక్కోవాలి. కాగితం విసిరేసినట్లు దూరంగా పోతే, ఎవరో కప్లర్ కోసేసి అతికినప్పుడు ప్లస్ మైనస్‌లు తారుమారై ఫ్యాను వెనక్కి తిరుగుతోంది.

కొన్ని బండ్లలో ఫ్యూజ్‌కు బదులుగానో, దానికి తోడుగానో తనంతట తాను తిరిగి కలిసే సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది. ఫ్యాను కాసేపు తిరిగి ఆగి, చల్లారాక మళ్లీ తిరుగుతుంటే ఆ బ్రేకర్ విడిపోయి కలుస్తోందేమో చూడండి. బ్రేకర్‌ను నిందించేముందు మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందా అని చూడటం న్యాయం. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే ఇది ఒక్క నిమిషం పని.

రిలే మీద సాధారణంగా 30, 87, 85, 86 అని అంకెలు ముద్రించి ఉంటాయి. 85, 86 కాయిల్ పిన్నులు. వాటి మధ్య 12 వోల్టుల రిలేలో చాలావరకు 70 నుంచి 100 ఓమ్‌ల దాకా చూపుతుంది. ఆ రెంటికీ బ్యాటరీ ఇస్తే టక్కుమని శబ్దం రావాలి, 30కీ 87కీ మధ్య నిరోధం సున్నాకు పడాలి. టక్కుమన్నంత మాత్రాన రిలే మంచిదని అనుకోవద్దు. కాంటాక్టులు మాడిపోయిన రిలే కూడా టక్కుమంటుంది, కనుక 30, 87 గుండా హెడ్‌లైట్ బల్బును వెలిగించి చూడండి. రిలే లోపల డయోడ్ ఉన్న రకమైతే దాని మీదున్న ప్లస్, మైనస్ గుర్తులు చూసే కరెంటు ఇవ్వాలి.

థెర్మో స్విచ్‌ను నీళ్లలో వేడిచేసి చూడటం

కప్లర్‌లోని వైర్లను నేరుగా కలిపినప్పుడు ఫ్యాను తిరిగింది కాబట్టి థెర్మో స్విచ్ మీద అనుమానం మిగిలింది అనుకుందాం. కూలెంట్‌ను ఒక శుభ్రమైన పాత్రలోకి దింపి స్విచ్‌ను విప్పండి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలూ పిల్లలూ ముట్టుకోని చోట మూత పెట్టి ఉంచండి.

ఇక వంటకు వాడని ఒక గిన్నెలో నీళ్లు పోసి, స్విచ్ మర వరకు మాత్రమే మునిగేలా తీగతో వేలాడదీయండి. స్విచ్ గానీ థర్మామీటర్ గానీ గిన్నె అడుగునూ అంచులనూ తాకకూడదు, ఎందుకంటే అడుగున లోహం నీటికంటే చాలా వేడిగా ఉంటుంది. మంట సన్నగా పెట్టి, నీటిని కలుపుతూ, డిగ్రీ డిగ్రీకీ మీటర్ అంకె చూస్తూ ఉండండి. చల్లని నీటిలో ఓ.ఎల్. చూపిన స్విచ్ మాన్యువల్‌లో చెప్పిన వేడి దగ్గర, చాలా బండ్లలో ఇది 85కూ 105కూ మధ్య ఉంటుంది, ఒక్కసారిగా సున్నాకు పడాలి. మంట ఆపాక అంతకంటే కొన్ని డిగ్రీలు తక్కువ వేడి దగ్గర మళ్లీ ఓ.ఎల్.కు పోవాలి. కలిసే వేడి ఎంత ముఖ్యమో విడిపోయే వేడీ అంతే ముఖ్యం. కలిసి విడిపోని స్విచ్ ఫ్యానును ఆపకుండా తిప్పి బ్యాటరీని దించేస్తుంది. మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర మరిగి అక్కడే ఆగిపోతుంది కాబట్టి అంతకంటే ఎక్కువ వేడికి కలిసే స్విచ్ నీళ్లలో కలవకపోవడం లోపం కాదు. దానికి నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపిన మిశ్రమం వాడాలి, ఆ ఆవిరి పీల్చకుండా ఆరుబయట చేయాలి.

వేసవిలో ఎండ ఎక్కువ కదా అని తక్కువ వేడికే కలిసే స్విచ్ వేయమని కొందరు సలహా ఇస్తారు. రేడియేటర్ రెక్కల మధ్య ఇసుక, గడ్డి నూగు నిండి ఉంటే ఫ్యాను ఎంత ముందుగా తిరిగినా ఫలితం ఉండదు; కాబట్టి ముందు రేడియేటర్‌ను వెనుక వైపు నుంచి, ఒత్తిడి తక్కువగా ఉన్న నీటితో కడగండి. వాటర్ సర్వీస్ గన్‌ను దగ్గరగా పెడితే అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి, ఫ్యాన్ మోటారులోకీ కప్లర్లలోకీ నీరు చొరబడుతుంది.

స్విచ్‌ను తిరిగి బిగించేటప్పుడు కొత్త ఓ-రింగ్ లేదా వాషర్ వేసి, మాన్యువల్ చెప్పిన బిగువుతోనే బిగించండి. ఒంటి వైరు స్విచ్‌కు తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టకండి. దానికి ఎర్త్ మర ద్వారానే అందుతుంది. టేపు ఆ దారిని అడ్డుకుంటే కొత్త స్విచ్ కూడా పనిచేయదు.

ఫ్యానుకు నేరుగా ఒక టాగుల్ స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసేయడం మన దగ్గర బాగా చలామణిలో ఉన్న మార్గం. దారిలో బండి ఆగిపోయినప్పుడు షెడ్డు దాకా చేరడానికి, అది కూడా ఫ్యూజ్ ఉన్న వైరుతో, నాకు అభ్యంతరం లేదు. దాన్నే శాశ్వతం చేస్తే ఆన్ చేయడం మరచిన రోజు ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఆఫ్ చేయడం మరచిన రాత్రి బ్యాటరీ పోతుంది. పొలంలో ఎక్కువసేపు నెమ్మదిగా నడిపేవారు అదనపు స్విచ్ కావాలనుకుంటే, మొదటి రెండు రకాల సర్క్యూట్లలో దాన్ని థెర్మో స్విచ్‌కు సమాంతరంగా కలపవచ్చు. అప్పుడు పాత రక్షణ అలాగే ఉంటుంది. మొదటి రకంలో ఫ్యాను కరెంటంతా ఆ టాగుల్ గుండానే పోతుంది కాబట్టి దాని సామర్థ్యం కనీసం 10 ఆంపియర్లు ఉండాలి.

చివరి తనిఖీ

విప్పిన ప్రతి కప్లర్‌లోనూ కొద్దిగా సిలికాన్ గ్రీజు పెట్టి, టక్కుమని లాక్ పడేదాకా నొక్కండి. కూలెంట్ నింపి, మాన్యువల్‌లో చెప్పిన విధంగా గాలి తీసేయండి. పైపుల్లో గాలి బుడగ మిగిలితే సెన్సార్ చుట్టూ నీరు లేక ఫ్యాను ఆలస్యంగా ఆన్ అవుతుంది, ఇంత పరీక్ష చేసీ లోపం మిగిలిందని మీరు మళ్లీ మొదటికి వస్తారు. బండిని తలుపులు తెరిచిన చోట నిలిపి ఐడిల్‌లో నడపండి. వేడెక్కాక ఫ్యాను ఆన్ కావాలి, కొంతసేపటికి ఆఫ్ కావాలి, మళ్లీ ఆన్ కావాలి. కనీసం రెండు విడతలు ఇలా జరిగేదాకా పక్కనే ఉండండి. రెండవ విడతలో ఫ్యాను తిరుగుతుండగా హెడ్‌లైట్ వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా పెంచి, బ్యాటరీ మీద వోల్టేజీ కొలవండి. 13.5కూ 14.5కూ మధ్య నిలబడితే బండిని పనిలోకి పంపవచ్చు. 13 కంటే కిందికి జారుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే స్టేటర్, రెగ్యులేటర్ వైపు చూడవలసి ఉంటుంది.